నెవేనా కలిపిన స్నానపు ఉప్పు

కార్లొవో,
మార్చి మొదటి రోజు

నెవేనక్కకి,

ఈ పెట్టె తెచ్చిన బస్సు డ్రైవరు స్టామెన్‌కి రెండు మంచి మాటలు చెప్పి పంపు. పోయినసారి గుమ్మంలోనే నిలబెట్టి పంపేశావట, కాఫీ కూడా ఇవ్వలేదట. నీకు ఫోను చేద్దామంటే ఎత్తవు. ఎత్తినా, చెప్పేది వినకుండా పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

పైన ఉన్న ఎరుపు తెలుపు దారాల మార్తెనిత్సా కంకణాన్ని రలిత్సా నీకోసం పేనింది. పూసిన చెట్టు కనబడేదాకా చేతికి ఉంచుకో. గిన్నెలు తోముతుంటే అడ్డం వచ్చిందని తెంపెయ్యకు.

అసలు సంగతి ఇది. నా కూతురు రలిత్సా పెళ్లి సెప్టెంబరులో ఖాయమైంది. అబ్బాయి పేరు ఆసెన్, ప్లొవ్‌దివ్ వాళ్లు. నెమ్మదస్తుడు. వాళ్లమ్మ తెయోఫనా మాత్రం నెమ్మది కాదు. వచ్చిన వాళ్లందరికీ వెండిపూత చెంచాలు పంచుదామంటుంది. మా ఇంట్లో అలవాటు లేదు, చేత్తో చేసిందే ఇస్తాం, మా అక్క పొమొరియెలో స్నానపు ఉప్పు కలుపుతుంది, మట్టి వైద్యానికి వచ్చే వాళ్లంతా ఆమె గుమ్మం ముందు నిలబడతారు అని నేను గట్టిగా చెప్పాను. కాబట్టి ఇప్పుడు నువ్వు చెయ్యాలి. అతిథికి ఒక నార సంచీ. తొంభై అవుతాయి. సంచుల మీద కుట్టుపూలు రలిత్సా వేస్తుంది.

మీ మరిది మించో నీడలో ఆరబెట్టిన లావెండరు, పుదీనా, చామంతి పెట్టెలో ఉన్నాయి. ఈస్టరు లోపల నాలుగు సంచులు నమూనాకి పంపు. "తీరిక లేదు" అని రాయకు. నీకు తీరిక తప్ప ఏముంది.

నీ జివ్కా

*

పొమొరియె,
మార్చి చివర

జివ్కాకి,

తీరిక తప్ప నాకేమీ లేదని రాసిన చేత్తోనే తొంభై సంచులు అడిగావు. నీ ధైర్యానికి దండం.

నన్ను అడగకుండా నా పేరు మీద మాట ఇచ్చేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. చెంచాలంటే ఆవిడ సరదా, పంచుకోనివ్వాల్సింది. సరే, రలిత్సా కోసం చేస్తాను, నీ కోసం కాదు.

ఫిబ్రవరిలో పట్టిన జ్వరం తగ్గింది. దాని గురించి మళ్లీ మళ్లీ అడగకు.

నాలుగు సంచులూ ఇందులో ఉన్నాయి. ఉప్పు మన ఉప్పుమళ్లదే, ముతకది. పొయ్యి సెగకి తడి పోయేదాకా ఆరబెట్టి, ఆకులు చేత్తో నలిపి కలిపి, చివర నూనె చుక్కలు వేశాను. జాడీలో మూతపెట్టి రోజూ తిరగేస్తూ ఉంచాను. సంచులకి అమ్మ పెట్టెలోని నార దుప్పటి కోశాను. అంత మంచి నార ఇప్పుడు కొనాలన్నా దొరకదు.

స్టామెన్‌కి కాఫీ ఇచ్చాను. రెండు కప్పులు తాగాడు. ఇక సణగడు.

నెవేనా

*

కార్లొవో,
ఈస్టరు వెళ్లాక

అక్కా,

నీ పెట్టె విప్పగానే మించో పక్కగదిలోంచి వచ్చి, "చలికోట్లు అప్పుడే ఎందుకు బయటికి తీశారు?" అని అడిగాడు. ఎందుకో తెలుసా? ఇల్లంతా కలరా ఉండల కంపు. అమ్మ పెట్టెలో ఇరవై ఏళ్లుగా కలరా ఉండలతో మగ్గిన దుప్పటిని ఉతక్కుండా కోసి కుట్టావు. లోపల లావెండరు ఉందో లేదో దేవుడికే తెలియాలి. సంచీ విప్పి ఉప్పు చేతిలో పోసుకుంటే ఉప్పుకి కూడా అదే కంపు పట్టింది.

నువ్వు చేసే పనా ఇది? పెరట్లో రాళ్ల మధ్య గడ్డి మొలుస్తోందని ఆ ఉప్పు అక్కడ చల్లేశాను. గడ్డి చచ్చింది. దానికైతే పనికొచ్చింది.

కొత్త గుడ్డ పంపుతున్నాను. మళ్లీ చెయ్యి. పని చేసేటప్పుడు కాస్త మనసు పెట్టి చెయ్యి.

జివ్కా

*

పొమొరియె,
మే నెల

జివ్కాకి,

నీకు ముక్కు మీదే కోపం. ఊరి ఉప్పంతా నా చేతుల మీదుగా వెళ్లింది. ఎవరూ ఇలా తిట్టలేదు. దుప్పటికి కాస్త పెట్టె వాసన పట్టి ఉంటుంది, రెండు రోజులు ఎండలో వేస్తే పోయేది. నువ్వేమో ఉప్పుని గడ్డి మీద చల్లేశావు. ఆ సంచులు అమ్మ దుప్పటివని నీకు గుర్తుందా?

నువ్వు పంపిన గుడ్డ ఉతికి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి కుట్టాను. ఈసారి వాసన చాలలేదని ఎవరూ అనకుండా పుదీనా నూనె ధారాళంగా వేశాను. మట్టి వైద్యానికి వచ్చే ఆడవాళ్లు ఈ మధ్య సన్న ఉప్పు కావాలంటున్నారు, వాసన సంగతి అడగడం లేదు. వాళ్లకి లేని పట్టింపు మీ వాళ్లకెందుకో.

నెవేనా

*

కార్లొవో,
జూన్, గులాబీ కోతల మధ్య

అక్కా,

తెల్లారకముందే తోటలోకి వెళ్లి, గులాబీలు కోసి, బస్తాలు ఎత్తి, చేతుల నిండా ముళ్లతో కూర్చుని ఇది రాస్తున్నాను. కాబట్టి ఏమన్నా సర్దుకో.

సంచీ మూతి విప్పితే పిల్లి కిటికీలోంచి దూకేసింది. రలిత్సాకి కళ్లమ్మట నీళ్లు. జలుబు చేసినవాడి ఛాతీకి రాసే మందు కూడా ఇంత ఘాటుగా ఉండదు. దీంతో స్నానం చేస్తే ఒళ్లు మండి పెళ్లివారు ఆసుపత్రికి పోతారు. ఇది పొరపాటు కాదు. నీ చెయ్యి పొరపాటున కూడా ఇలాంటి పని చెయ్యదు.

మనసులో మాట చెప్పేస్తాను. నీకీ పెళ్లి ఇష్టం లేదు. ప్రతి వేసవీ రలిత్సాని నీ దగ్గరే పెంచావు. చదువైపోయాక పొమొరియె వచ్చేసి, నీతో ఉప్పు కలుపుతూ అక్కడే ఉంటుందని అనుకున్నావు. అది కూడా అలాగే అనేది. ఇప్పుడు ప్లొవ్‌దివ్ వెళ్లిపోతోందని నీకు కడుపుమంట. ఆ మంట మా సంచుల్లో పోస్తున్నావు. కాదంటే కాదని రాయి.

జివ్కా

*

పొమొరియె,
జూన్

జివ్కాకి,

అవును. అలాగే అనుకో. కడుపుమంటే.

చెంచాలు పంచుకోండి. వెండిపూతకి వాసన ఉండదు కాబట్టి గొడవ లేదు.

రలిత్సా జూలైలో వస్తానని రాసింది. ఈ ఏడు వద్దని చెప్పు. ఇంటికి సున్నం వేయిస్తున్నాను.

నెవేనా

*

కార్లొవో,
జూలై

అక్కా,

ఆ ఉత్తరంలో నేను ఎక్కువ మాట్లాడాను. ముళ్ల నొప్పి మీద రాశాను, పోనీలే.

నువ్వు వద్దన్నావని చెబితే రలిత్సా తినడం ఆపేసింది. పళ్లెం పక్కకి జరిపి లేచిపోయింది. నువ్వు దాన్ని ఏ వేసవీ వద్దనలేదు. సున్నం వేస్తున్న ఏడాది కూడా అది నెత్తికి గుడ్డ కట్టుకుని నీతో గోడలు రుద్దింది.

సరే, ఉప్పు సంగతి మళ్లీ చూద్దాం. పెట్టెలో రెండు చిన్న సీసాలున్నాయి. స్వచ్ఛమైన గులాబీ నూనె మన తాహతుకి మించినది కాబట్టి పొద్దుతిరుగుడు నూనెలో చుక్కలు కలిపి ఉంచాం. ఎర్ర దారం కట్టినది మన తోటది, నీలం దారం కట్టినది పక్క ఊళ్లో కొత్తగా పెట్టిన నూనె తీసే బట్టీది. ఏది కలిపితే బాగుంటుందో నువ్వే చెప్పు. నీ మాటే ఆఖరు.

జివ్కా

*

పొమొరియె,
జూలై

జివ్కాకి,

ఇప్పటికైనా అడిగి చెయ్యడం నేర్చుకున్నావు, సంతోషం.

ఎర్ర దారం సీసాయే వాడండి. మన తోటది మన తోటదే. మణికట్టుకి రాసుకుంటే సాయంత్రం దాకా నిలిచింది. మొదట తేనెలా, తర్వాత మిరియంలా, చివరికి పచ్చి రేకులా. నీలం సీసాలో వెనకాల ఏదో మాడిన వాసన ఉంది, రేకుల్ని బట్టీలో ఎక్కువసేపు ఉంచారు. ఆ బట్టీవాడికి నా మాటగా చెప్పు.

నెవేనా

*

కార్లొవో,
జూలై

అక్కా,

రెండు సీసాల్లోనూ ఉన్నది నా వంటింటి డబ్బాలోంచి వంచిన పొద్దుతిరుగుడు నూనె. గులాబీ చుక్క ఒక్కదాంట్లోనూ లేదు.

ఎప్పటి నుంచి?

జివ్కా

*

పొమొరియె,
ఆగస్టు

జివ్కాకి,

తోడబుట్టినదాన్ని, వయసులో పెద్దదాన్ని, నన్ను సీసాలు పెట్టి పరీక్షించడానికి నీకు సిగ్గుండాలి. ముందు ఆ మాట అననీ. రెండు రోజులు కోపంతో తిరిగాక గాని ఇది రాయడానికి కూర్చోలేకపోయాను.

ఫిబ్రవరి జ్వరం తర్వాత నుంచి. జ్వరం తగ్గి లేచిన పొద్దున కాఫీ పెట్టుకున్నాను. పొంగి పొయ్యి మీద పడి మాడింది. పొగ కంటికి కనబడింది, ముక్కుకి ఏమీ తెలియలేదు. జలుబేమో అనుకున్నాను. జలుబు పోయింది, ముక్కు తిరిగి రాలేదు. బుర్గాస్‌లో డాక్టరుకి చూపించుకున్నాను. కుర్రాడు, మర్యాదస్తుడే. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు, దానికి బస్సెక్కి వెళ్లాలా?

తిండి అంతా తడిపిన అట్టముక్క. పాచిపోయిన చేపలు వేయించుకు తిని మంచం పట్టాను. కలరా ఉండల దుప్పటిని ముఖానికి ఆనించి చూసి, శుభ్రంగా ఉందనుకుని కత్తెర పెట్టాను. పుదీనా నూనె వేసిన కొద్దీ ఏమీ తెలియక ఇంకా వేశాను. నువ్వు తిట్టిన ప్రతి మాటా నిజమే కాబట్టి మరింత ఒళ్లు మండింది.

మే నెలలో పాలు పొంగి గ్యాసు పొయ్యి ఆరిపోయింది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని నీ సంచులు కుడుతున్నాను. తలనొప్పిగా ఉందేమిటా అనుకున్నాను, అంతే. పక్కింటి కెరానా ఏదో అప్పుకి వచ్చి, తలుపు తీయగానే ఒక్క అరుపు అరిచి, నన్ను చెయ్యి పట్టి వీధిలోకి లాగింది. వీధిలో నిలబెట్టి, "చావాలనుకుంటే చెప్పి చావు, పక్కన మేమున్నాం" అంది. అప్పటి నుంచీ కిటికీలన్నీ తెరవనిదే పొయ్యి వెలిగించడం లేదు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నన్ను దుప్పట్లో చుట్టి కార్లొవో తీసుకుపోతావు. మట్టి వైద్యం ఆడవాళ్లకి తెలిస్తే నా గుమ్మం తొక్కరు. కడుపుమంట అన్నావు చూడు, అది నాకు తేలికగా అనిపించింది. కడుపుమంట గలదాన్ని అనిపించుకోవడం కన్నా ముక్కు లేనిదాన్ని అనిపించుకోవడమే కష్టం. అందుకే అవునన్నాను.

రలిత్సాని వద్దన్నది సున్నం కోసం కాదు, కడుపుమంటతోనూ కాదు. అది బస్సు దిగగానే నేను దాని మెడ వంపులో ముఖం పెట్టేదాన్ని, పసిపిల్లప్పటి నుంచీ. ఇప్పుడు పెడితే ఎవరి పిల్లో వచ్చినట్టుంటుందేమోనని భయం.

ఎవరికీ చెప్పకు. మించోకి కూడా.

నెవేనా

*

కార్లొవో,
ఆగస్టు

అక్కా,

ఫోను చేస్తే ఏడుస్తాను, దానికి నువ్వు విసుక్కుంటావు. అందుకే మళ్లీ ఉత్తరం.

గ్యాసు మధ్యలో కూర్చుని సంచులు కుట్టిందట. చదివాక లేచి వెళ్లి మా పొయ్యి మూసి ఉందో లేదో చూసి వచ్చాను. నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నన్ను పిచ్చిదాన్ని చేశావు. నేను గడ్డి మీద ఉప్పు చల్లి నిన్ను తిడుతూ కూర్చున్నాను.

మించో కరెంటు పొయ్యి తెచ్చి బిగిస్తాడు. గ్యాసు బండ వెనక్కి తెస్తాడు. ఎందుకని అడిగితే కరెంటు చవక అని చెప్పాను, నమ్మాడు. నిన్ను దుప్పట్లో చుట్టను, ప్రస్తుతానికి.

నీ దగ్గర నేనూ ఒకటి దాచాను. ఈస్టరుకి తెయోఫనా వచ్చినప్పుడు నీ పెట్టె పూర్తిగా విప్పకముందే మురిసిపోయి, కాగితంలో చుట్టిన సంచీ ఒకటి చుట్టినట్టే ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఇంటికెళ్లి తొట్టెలో పోసుకుని స్నానం చేసింది. మర్నాడు ఫోను చేసి, చాలా మర్యాదగా, "చిమ్మటలు మాత్రం ఇక నా దగ్గరికి రావు" అంది. చెంచాల దుకాణంలో తొంభై పక్కన పెట్టించింది కూడా. పెళ్లికి పది రోజుల ముందు నీ ఉప్పు చూపించకపోతే చెంచాలే. నా మాట పోతే పోయిందిలే అనుకోగలను గాని, పెళ్లిలో నీ చేతి వస్తువు లేకపోతే రలిత్సా ఒప్పుకోనంటోంది. నీకు కబురు పెట్టేదాకా రెండో పూట తిండి తిననని మొండికేసింది.

ఆదివారం స్టామెన్ బస్సులో దాన్ని ఎక్కిస్తున్నాను. నీ చేతులు, దాని ముక్కు. నువ్వు కలుపు, అది వాసన చూస్తుంది. వెనక్కి పంపావో, నేనే వస్తాను, అది నీకు ఇంకా కష్టం.

రలిత్సాకి తప్ప ఎవరికీ చెప్పను. ఒట్టు.

జివ్కా

*

పొమొరియె,
ఆగస్టు చివర

జివ్కాకి,

ఒక ముక్కుని పంపావు, సంతోషం. కారుతున్న ముక్కుని పంపావు. స్టామెన్ బస్సు కిటికీ దారి పొడుగునా తెరిచే ఉందట. దిగేసరికి పిల్ల తుమ్ములు, మర్నాటికి ముక్కు దిబ్బడ. పాచి చేపకీ గులాబీకీ తేడా దానికీ తెలియలేదు. ఇంట్లో రెండు ముక్కులు, ఒక్కటీ పని చెయ్యదు. నాకెంత ఒళ్లు మండిందంటే చివరికి నవ్వొచ్చింది. అది నన్ను చూసి నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఈ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

దానికి నయమయ్యేదాకా ఆగుదామంటే తెయోఫనా గడువు ఆగదు. అందుకని చేతుల్ని నమ్ముకున్నాను. ఉప్పు ఆరిందో లేదో గుప్పిట్లో నొక్కితే తెలుస్తుంది. లావెండరు వేళ్ల మధ్య నలిగే చప్పుడుని బట్టి ఎంత ఎండిందో చెప్పగలను. నూనె చుక్కలు పాత లెక్కే, ఒక్క చుక్క ఎక్కువ వెయ్యలేదు. వెయ్యాలని చెయ్యి లాగింది, రలిత్సా సీసా లాక్కుంది. "పెద్దమ్మా, నీకు తెలియడం లేదని అందరికీ తెలియకుండా పోదు" అంది. నీ కూతురే, సందేహం లేదు.

ఉప్పుమళ్ల గట్టు మీద కూర్చుని సంచుల మూతులకి దారాలు కట్టాం. కుట్టుపూలు వంకరగా ఉన్నాయి, విప్పి కుట్టమంటే కుట్టలేదు. వంకర ఉంటేనే దుకాణంలో కొనలేదని తెలుస్తుందట.

దిగిన రోజు సంగతి అడగకముందే చెబుతాను. దాని మెడ దగ్గర ముఖం పెట్టాను. ఏమీ లేదు. వెచ్చగా ఉంది. అది కదలకుండా చాలాసేపు నిలబడింది, తర్వాత తుమ్మింది.

తొంభై సంచులూ ఈ పెట్టెల్లో ఉన్నాయి. ఎలా ఉంటాయో మా ఇద్దరికీ తెలియదు. మూత తీసి నువ్వు చూడు. బాగా లేకపోతే నాకు రాయకు, చెంచాలు తెప్పించు.

నెవేనా

*

కార్లొవో,
సెప్టెంబరు

అక్కా,

మూత తీశాను. చెంచాలు తెప్పించలేదు.

మిగతాది రాయను. వచ్చి కళ్లతో చూడు. నీలం గౌను వేసుకో, ఆ నల్ల కోటు వేసుకుని రాకు.

జివ్కా

*

పొమొరియె,
అక్టోబరు

జివ్కాకి,

పెళ్లి బాగా జరిగింది కాబట్టి నిన్ను ఇప్పటిదాకా ఏమీ అనలేదు. ఇప్పుడంటాను. ఒట్టు వేసి మించోకి చెప్పావు, మించో స్టామెన్‌కి చెప్పాడు, బల్లలు వేసేలోపల పెళ్లికి వచ్చినవాళ్లందరికీ తెలిసిపోయింది. పందిట్లోకి అడుగు పెడితే అందరూ నన్ను చూసే చూపే వేరు. నల్ల కోటు వేసుకొచ్చి ఉంటే అందులో దాక్కునేదాన్ని.

ఇన్నేళ్లూ ఉప్పు కలిపాను. కొన్నవాళ్లు నొప్పులు తగ్గాయన్నారు, సంచీ ముద్దుగా ఉందన్నారు. దాని వాసన ఎలా ఉందో నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు కదా అని. ఆ రోజు నాకు తెలియదని తెలిశాక, ఒక్కొక్కళ్లే సంచీ పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చారు. మొదట జాలేమో అనుకుని విసుక్కున్నాను. జాలి కాదు. చెప్పడానికి వచ్చారు.

స్టామెన్ నిలబడే, తన బస్సు జూలైలో లోయ దాటుతుంటే కిటికీలోంచి వచ్చే గాలి ఇదేనన్నాడు. ఆ కిటికీయే నాకోసం వచ్చిన ముక్కుని చెడగొట్టిందని గుర్తుచేశాను. ఒక ముసలాయన తన భార్య దిండు అన్నాడు. ఆవిడ పోయి చాలా ఏళ్లయిందట. ఆసెన్ రెండుసార్లు వాసన చూసి, వాన పడ్డ తర్వాత ఎండ కాసిన గడ్డివాము అన్నాడు. పిల్లవాడు మంచివాడే. మించో మాత్రం "ఉప్పు వాసన" అన్నాడు. ఉప్పుకి వాసన ఉండదని నీ మొగుడికి చెప్పు.

ఇక మీ వియ్యపురాలు. అందరూ అయ్యాక వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. చిమ్మటల మాట తీస్తుందేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. సంచీని రెండు చేతులతో పట్టుకుని, వాళ్లమ్మని చిన్నప్పుడు పొమొరియె మట్టి వైద్యానికి తీసుకొచ్చేవాళ్లమని చెప్పింది. అమ్మ లోపల తొట్టెలో ఉంటే తను బయట బల్ల మీద కూర్చునేదట, తలుపు తెరిచినప్పుడల్లా ఒక వాసన వచ్చేదట, అమ్మ బయటికి వస్తోందని దానివల్ల తెలిసేదట. "ఇది ఆ తలుపు," అంది. లేచేటప్పుడు ఇంకో సంచీ ఉందా అని అడిగింది. నాకు ఇచ్చినది ఆవిడకి ఇచ్చేశాను. నా దగ్గర ఉండి ఏం ప్రయోజనం.

ముక్కు అలాగే ఉంది. రోజూ పొద్దున కాఫీ మీదకి వంగి చూస్తున్నాను. ఏమీ లేదు. మట్టి వైద్యం ఆడవాళ్లకి నేనే చెప్పేశాను. ఇద్దరు రావడం మానేశారు. మిగిలినవాళ్లు జాడీలో ముఖం పెట్టి ఒకటే వాదించుకుంటున్నారు, పుదీనా ఎక్కువని ఒకరు, చాలదని ఒకరు. తల వాచిపోతోంది. కెరానా అడ్డంపడి ఆఖరి మాట తనదే అంటుంది.

చలికాలానికి కలిపిన కొత్త ఉప్పు ఈ పెట్టెలో ఉంది. మూత తీసి, కూర్చుని, తీరిగ్గా చూసి రాయి. "బాగుంది" అని మాత్రం రాయకు జివ్కా. బాగుంది అనేది వాసన కాదు.

నీ అక్క